రైఫిల్ మడమ మీ ఒంటికి సరిపోవాలి

నమస్కారం. ఒక ప్రేక్షకుడు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. ఆయనకు వాడిన మ్యాచ్ ఎయిర్ రైఫిల్ ఒకటి తక్కువ ధరకు దొరుకుతోందట. బ్యారెల్, ట్రిగ్గర్ బాగున్నాయి. పాత చెక్క మడమ (స్టాక్, అంటే బ్యారెల్‌ను మోస్తూ భుజానికి ఆనే భాగం) మాత్రం ఎటూ కదలని రకం. దాన్ని తీసేసి, తనకు నచ్చిన స్టాక్ తెచ్చి, రైఫిల్‌ను ఇంట్లోనే కూర్చుకోవాలని ఆయన ఆలోచన. ఏ స్టాక్ కొనాలని అడుగుతున్నారు.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ వీడియోలో చెప్పేదంతా 10 మీటర్ల పోటీలో వాడే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ గురించే. మందుగుండుతో పేలే తుపాకీని లైసెన్సు లేకుండా ఇంట్లో తయారు చేయడం మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అందులో రెండో మాటకు తావు లేదు.

ఇక ఆయన ప్రశ్నకు జవాబు. కేటలాగు పక్కన పెట్టండి. ముందు మీ మెడ, భుజం, చేయి ఎలా ఉన్నాయో చూసుకోండి. షూటింగ్ రేంజిలో నాకు బాధ కలిగించే దృశ్యం ఒకటుంది. తల్లిదండ్రులు లక్షలు పోసి జర్మనీ రైఫిల్ కొనిస్తారు. పిల్లవాడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొలతలనే పట్టుకుని, గురి చూసే సైటు అందడం కోసం మెడ ముందుకు వంచి, భుజం బిగబట్టి గంటసేపు నిలబడతాడు. చెప్పు సరిపోలేదని కాలు కోసుకున్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం. వాల్టర్ అయినా, ఫైన్‌వెర్క్‌బౌ అయినా, ఆన్షూట్జ్ అయినా పెట్టెలోంచి తీసిన రోజున అది ఎవరి రైఫిలూ కాదు. దాన్ని మీదిగా చేసేది మడమ అమరికే.

మిల్లీమీటర్ల గురించి ఇంత పట్టుదల ఎందుకంటారా? 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. తొమ్మిది పాయింట్ల వలయం వ్యాసం ఐదున్నర మిల్లీమీటర్లు. అంటే మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఒక పాయింటు పోతుంది, పావు మిల్లీమీటరు జరిగితే 0.1 పోతుంది. ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య 80 సెంటీమీటర్ల దూరం ఉందనుకోండి. ఆ రెండింటి వరుసలో 0.1 మిల్లీమీటరు తేడా వస్తే లక్ష్యం దగ్గరికి వెళ్లేసరికి అది పన్నెండున్నర రెట్లు పెరిగి 1.25 మిల్లీమీటర్లు అవుతుంది. అర పాయింటు పోయినట్టే. తల ప్రతిసారీ ఒకే చోట ఆనకపోతే ఈ వరుస చెదురుతుంది. తలను ఒకే చోట నిలబెట్టే పని చెంప ఆనే చీక్ పీస్‌ది. ఆ చీక్ పీస్ మీ ముఖం దాకా రావడానికి రైఫిల్‌ను సరైన ఎత్తున ఉంచే పని మడమ చివర భుజానికి ఆనే బట్ ప్లేట్‌ది.

అర పాయింటుకు విలువ ఎంతో హైదరాబాద్‌లో పెరిగిన షూటర్ గగన్ నారంగ్ కథ చెబుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ అర్హత రౌండులో ఆయన 600కు 595 సాధించారు. ఫైనల్‌లో చివరి స్థానం కోసం అదే స్కోరు చేసినవారు ఇంకొందరు ఉండటంతో, చివరి గుళ్ల స్కోరు పోల్చి స్థానం తేల్చే కౌంట్‌బ్యాక్‌లో ఆయన వెనుకబడి ఫైనల్ చేరలేకపోయారు. అదే పోటీలో అభినవ్ బింద్రా 10.8తో చివరి గుండు కాల్చి స్వర్ణం గెలిచారు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో నారంగ్ కాంస్యం అందుకున్నారు. ఆ స్థాయికి చేరిన వాళ్లెవరూ మడమ కొలతల్ని గాలికి వదిలేయరు.

ఇక కొలతలు. నేను చెప్పేది కుడిచేతి వాటం వారికి. ఎడమచేతి వాటం వారు కుడి ఎడమలు మార్చుకోండి.

షూటింగ్ జాకెట్ తొడుక్కోకుండా ఏ కొలతా తీసుకోకండి. ఆ మందపు బట్టే భుజం దగ్గర దూరాన్ని మార్చేస్తుంది. జాకెట్ వేసుకుని, గ్రిప్ (చేతి పిడి) పట్టుకుని, చూపుడు వేలి మొదటి కణుపు మెత్తని భాగాన్ని ట్రిగ్గర్ మీద ఉంచండి. మణికట్టు వంకర తిరగకుండా నిటారుగా ఉండాలి. ఇప్పుడు బట్ ప్లేట్ భుజానికి హాయిగా ఆనాలి. దాని కోసం మీరు భుజాన్ని ముందుకు తోయాల్సి వస్తే మడమ పొడవు తక్కువగా ఉన్నట్టు. ట్రిగ్గర్ అందుకోవడానికి చేతిని సాగదీయాల్సి వస్తే పొడవు ఎక్కువైనట్టు. పొడవు తక్కువైతే ఇంకో చిక్కు కూడా ఉంది. ముఖం వెనుక సైటుకు అతుక్కుపోయినంత దగ్గరవుతుంది, కన్ను త్వరగా అలసిపోతుంది.

తర్వాత ఎత్తు. ఎక్కువ మంది చూడకుండా వదిలేసేది ఇదే. నిలబడి కాల్చేటప్పుడు రైఫిల్ మీ తల దగ్గరికి రావాలి. తల రైఫిల్ దగ్గరికి వంగకూడదు. మెడ వంగితే లోపలి చెవిలోని సమతూకం చూసే వ్యవస్థ తికమకపడి శరీరం ఊగడం పెరుగుతుంది. బట్ ప్లేట్‌ను కిందికి జార్చితే రైఫిల్ పైకి వస్తుంది. తల నిటారుగా ఉన్నప్పుడు చెంప సహజంగా చీక్ పీస్‌కు తగిలేదాకా జార్చండి. కొందరిలో మడమ పై భాగం అసలు భుజానికి తగలదు, కింది భాగమే ఆనుతుంది. చూడటానికి వింతగా ఉంటుంది గానీ తప్పేమీ లేదు. అయితే రైఫిల్ కుడి భుజానికి, దాని పక్కనే ఉన్న ఛాతీ భాగానికి మాత్రమే ఆనాలి, ఛాతీ మధ్యకు రాకూడదు. మడమ కింద కొక్కెంలా వెనక్కి వంగిన హుక్ 50 మీటర్ల రైఫిల్‌కు చెల్లుతుంది, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు చెల్లదు. వాడిన స్టాక్ కొనేవారు ఇది చూసుకోండి. పరికరాల తనిఖీలో దాన్ని ఊడదీయమంటారు.

చీక్ పీస్ సర్దడానికి నేను నమ్మే పద్ధతి ఇది. రైఫిల్ భుజానికి ఎత్తి, కళ్లు మూసుకుని, తల బరువును చీక్ పీస్ మీద వదిలేయండి. రెండు మూడు శ్వాసలు తీసుకోండి. ఇప్పుడు తల కదపకుండా కళ్లు తెరవండి. వెనుక సైటు రంధ్రంలో ముందు సైటు గుండ్రటి గొట్టం కనిపిస్తుంది. దాని చుట్టూ సన్నని వెలుతురు వలయం అన్ని వైపులా సమానంగా ఉండాలి. గొట్టం పైకి జరిగి, కింద వెలుతురు ఎక్కువగా ఉంటే మీ కన్ను ఎత్తులో ఉంది, చీక్ పీస్ దించండి. కిందికి జరిగితే పెంచండి. ఎడమకు జరిగితే చీక్ పీస్ మీ ముఖాన్ని ఎడమకు నెడుతోంది, దాన్ని కుడికి జరపండి. ఒక్కసారికి ఒక్క మరే తిప్పండి, మళ్లీ కళ్లు మూసుకోండి. తల బరువు వదలకుండా, మెడ కండరంతో పట్టి ఉంచి చూసుకుంటే వలయం ఎప్పుడూ సరిగానే కనిపిస్తుంది. అది మిమ్మల్ని మోసం చేస్తుంది. అరవయ్యో గుండు దగ్గరికి వచ్చేసరికి ఆ కండరం లొంగిపోతుంది.

ఇదే పద్ధతిలో గురి ఎక్కడ నిలుస్తుందో కూడా చూడొచ్చు. కళ్లు తెరిచాక గురి పక్కకు ఉంటే స్టాక్ ముట్టుకోకండి, పాదాలు జరపండి. గురి తరచూ కిందికి ఉంటే బట్ ప్లేట్ కొద్దిగా పైకి, పైకి ఉంటే కొద్దిగా కిందికి.

ఇప్పుడు చెక్కా, అల్యూమినియమా? కొంతమంది ఈ ఒక్క ప్రశ్నే అడుగుతారు, నాకేమో ఇది చివరి ప్రశ్న. అల్యూమినియం స్టాక్‌లో ప్రతి భాగం ముందుకూ వెనక్కూ పైకీ కిందికీ పక్కకూ జరుగుతుంది. తేమకు ఉబ్బదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉన్నవారికి అది పెద్ద మేలు. ఎదిగే పిల్లలకైతే నేను కళ్లు మూసుకుని అల్యూమినియమే చెబుతాను. ఏడాదిలో భుజాలు, చేతులు పెరుగుతాయి, మడమ కూడా వాళ్లతో పాటు పెరగాలి. కొలతలు స్థిరపడిన పెద్దవారికి మంచి వాల్‌నట్ లేదా పొరలు అతికించిన చెక్క స్టాక్‌కు జరిగే చీక్ పీస్, జరిగే బట్ ప్లేట్ ఉంటే చాలు. చెక్క చేతికి ఇచ్చే నెమ్మది అల్యూమినియంలో నాకు దొరకలేదు.

బరువు మరిచిపోకండి. సైట్లతో సహా ఎయిర్ రైఫిల్ మొత్తం 5.5 కిలోలు దాటకూడదు. అంత బరువు పెట్టుకోవచ్చని కాదు. సన్నగా ఉన్న పద్నాలుగేళ్ల అమ్మాయి భుజాన పెద్దవాళ్ల బరువు మోపకండి. మడమ బాగా బరువైతే ముందు భాగం తేలికై గురి చురుగ్గా ఊగుతుంది. బరువంతా ముందుకు పడితే ఎడమ చేయి త్వరగా అలసిపోతుంది.

మా ప్రేక్షకుడికి ఇక నేరుగా చెబుతాను. ఒక కంపెనీ యాక్షన్ (బ్యారెల్, ట్రిగ్గర్ బిగించి ఉండే యంత్ర భాగం) మరో కంపెనీ స్టాక్‌లో కూర్చోదు. ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే కూర్చోకపోవచ్చు. మీ రైఫిల్ మోడల్ పేరు రాసుకుని, ఆ మోడల్‌కు సరిపడే స్టాకేనా అని అమ్మేవారితో ఖరారు చేసుకున్నాకే డబ్బు కట్టండి. ఇంకో సంగతి. వాడిన రైఫిల్ గాలి సిలిండర్ మీద తేదీ చూడండి. పదేళ్లు దాటిన సిలిండర్ పోటీకి పనికిరాదు. దాన్ని మార్చే ఖర్చు కూడా మీ లెక్కలో ఉండాలి. డబ్బు చాలకపోతే పూర్తి స్టాక్ ఇప్పుడే కొనకండి. పాత చెక్కకే జరిగే బట్ ప్లేట్, జరిగే చీక్ పీస్ బిగించుకోవచ్చు. మొత్తం స్టాక్ ధరలో అది చిన్న భాగమే, లాభంలో మాత్రం సింహభాగం. గ్రిప్ అరచేతికి నిండకపోతే చెక్క పుట్టీతో నింపి, ఆరాక సాండ్ పేపర్‌తో రుద్దుకోండి. షూటర్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే.

యాక్షన్‌ను స్టాక్‌లో కూర్చోబెట్టేటప్పుడు మరలను ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన కొలతకే బిగించండి. బిగువు మారితే గుండు పడే చోటు మారుతుంది. అన్నీ కుదిరాక పెన్సిల్‌తో ప్రతి జోడింపు దగ్గరా సన్నని గీత గీయండి, స్కేలు మీద అంకెలు పుస్తకంలో రాయండి, ఫోనుతో రెండు వైపులా ఫొటో తీయండి. కొత్త స్టాక్ మీద మొదటి వారాలు స్కోరు పడిపోవచ్చు. అప్పుడు రోజుకొక మర తిప్పకండి. కొన్ని వారాలు అదే అమరికతో కాల్చి, మెడలో నొప్పి ఎక్కడ వస్తోందో, భుజం ఎప్పుడు అలసిపోతోందో రాసుకోండి. ఆ రాతలు నాకు పంపండి. వచ్చే వీడియోలో వాటిని పట్టుకుని, బట్ ప్లేట్ కోణం ఎలా సర్దాలో చూపిస్తాను.