రెండో సగమే అసలు మందు

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు ఈ సంగతి ఎత్తుతున్నానని తిట్టుకోకండి.

కొలనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకి, బెంగళూరు వచ్చే మనవాళ్లలో హిందూపురం, మదనపల్లి వైపువాళ్లు చాలామంది. ఎండోస్కోపీ నర్సుగా నేను తరచూ వినే మాట: "నిన్నంతా ఏమీ తినలేదమ్మా, ఒక్క సంగటి ముద్ద తప్ప!" ఆ ముద్ద, దాంట్లోకి నంజుకున్న ఆకుకూర, టమాటా గింజలు అన్నీ స్క్రీన్ మీద ప్రత్యక్షమవుతాయి. గింజలు గొట్టానికి అడ్డం పడతాయి కూడా. ముందురోజు రాగులు, ఆకుకూరలు, పప్పులు, జామకాయ ముట్టకండి. తెల్లన్నం, ఇడ్లీ చాలు, అదీ డాక్టరు చెప్పిన వేళవరకే. ఆ తర్వాత కొబ్బరినీళ్లు, వడగట్టిన చారు, పాలు లేని టీ. బీట్‌రూట్ రసం మాత్రం వద్దు, లోపల రక్తమేమోనని మేం కంగారుపడతాం.

తిండి సరే, మందు తాగే వేళకీ బస్సు వేళకీ పొసగకపోవడమే అసలు దెబ్బ. పేగు శుభ్రం చేసే విరేచనాల మందు, పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొడిని సాధారణంగా 2 లీటర్ల నీళ్లలో కలిపి, సగం ముందురోజు సాయంత్రం తాగుతారు. మిగతా సగం పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, 2 గంటల ముందే ముగించాలి. రాత్రికే కడుపు ఖాళీ అయిందిగా, మళ్లీ ఎందుకంటారు. తెల్లారేలోగా చిన్నపేగులోంచి పసరు దిగి పెద్దపేగు కుడివైపున పూతలా అంటుకుంటుంది. చదునుగా ఉండే పాలిప్‌లు, అంటే పేగు గోడ మీద పెరిగే చిన్న కండలు, దాని కిందే దాక్కుంటాయి.

ఉదయం 8కి పరీక్షంటే రెండో సగం తెల్లవారుజామున 2, 4 మధ్య మొదలుపెట్టాలి. అప్పటికి మనిషి బస్సెక్కే హడావిడిలో ఉంటాడు. బస్సులో విరేచనాల మందు ఎవరు తాగుతారు చెప్పండి? ఆయన్ని తప్పుపట్టలేం. ఏ ఊరి నుంచి, ఎలా వస్తారో అడక్కుండా టైమిచ్చేవాళ్లదే తప్పు. కాబట్టి ముందురోజే వచ్చి ఇక్కడ చుట్టాలింట్లో దిగండి. ఒకటే బాత్రూమ్ ఉన్న ఇల్లయితే ముందే చెప్పండి, పాపం వాళ్లూ ఆఫీసులకు పోవాలి.

చివరికి మోషన్ లేత పసుపు నీళ్లలా, పలుకుల్లేకుండా రావాలి. ఇంకా గోధుమరంగులో ఉంటే బయల్దేరకముందే ఫోన్ చేయండి. ఐరన్ మాత్రలు వారం ముందు ఆపిస్తారు. షుగర్, రక్తం పలచబడే మందుల సంగతి, కిడ్నీ, గుండె జబ్బులుంటే అవీ డాక్టరుకు ముందే చెప్పాలి, సొంతంగా ఏదీ ఆపొద్దు.

మరో మాట. ఈ సూచనలు రాసిచ్చే చీటీ ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటే పెద్దవాళ్లు తలూపి జేబులో పెట్టేసుకుంటారు. మీ ఇంటికి అలాంటివాళ్లు వస్తే అది తెలుగులో చదివి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి. ఎన్ని గంటలకు ఏది తాగాలో అందులో చెప్పండి.