కాలపురుషుడి చేతిలో ఏముంది?

[తెర మీద: లార్డ్స్ క్రికెట్ మైదానం. స్టాండ్ పైన గాలివాటు చూపే నల్లని లోహపు బొమ్మ.]

లార్డ్స్‌లో టెస్ట్ మ్యాచ్ టీవీలో చూసినవాళ్లకు ఈ ముసలాయన బాగా తెలుసు. గడ్డం, వంగిన నడుము, భుజం మీద పొడుగు పిడి కొడవలి. వికెట్ల మీదకు వంగి బెయిల్స్ తీస్తుంటాడు. ఇక ఆట ముగిసినట్టే. ఆర్కిటెక్ట్ హెర్బర్ట్ బేకర్ 1926లో ఆ మైదానానికి బహుమతిగా ఇచ్చిన గాలిసూచి ఇది. అందులో ఉన్నది కాలం. ఇంగ్లిష్ వాళ్లు ఫాదర్ టైమ్ అంటారు.

కాలాన్ని మనిషిగా ఊహించుకోమంటే ప్రపంచంలో చాలామందికి ఇప్పుడు ఈ రూపమే గుర్తొస్తుంది. ముసలివాడు, రెక్కలు, కొడవలి, ఇసుక గడియారం. ఆది నుంచీ ఇలాగే ఉన్నాడనిపిస్తుంది. కానీ ప్రాచీన గ్రీకులకు, రోమన్లకు ఈ రూపం తెలియదు. ఆ బొమ్మ వయసు దాదాపు ఆరు వందల ఏళ్లే. అంతకు ముందు కాలం యువకుడు!

ఈ వీడియోలో ఒక పని చేద్దాం. కాలం ముఖం చూడకుండా, అతని చేతులు చూద్దాం. ఏ కళాకారుడు ఆ చేతుల్లో ఏం పెట్టాడో, వాటితో ఏం చేయించాడో చూస్తే కథంతా అక్కడే దొరుకుతుంది.

[తెర మీద: క్రొయేషియాలోని ట్రోగిర్‌లో దొరికిన పాలరాతి ఫలకం. పరుగెడుతున్న యువకుడు.]

మొదటి చేయి లిసిప్పోస్ చేసినది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు గ్రీకు శిల్పి, అలెగ్జాండర్ విగ్రహాలు చేసినవాడు. ఆయన పోతపోసిన కంచు విగ్రహం పేరు కైరోస్. సాగిపోయే కాలం కాదు ఇది, అదను. అసలు విగ్రహం పోయింది. ట్రోగిర్‌లోనూ, ఇటలీలోని ట్యూరిన్‌లోనూ ఉన్న రాతి ఫలకాలు దాని పోలికలు చెబుతాయి. అంతకన్నా వివరంగా చెప్పేది పొసిడిప్పోస్ అనే కవి రాసిన చిన్న పద్యం. అందులో దారినపోయేవాడు విగ్రహాన్ని ప్రశ్నలడుగుతుంటే విగ్రహం జవాబిస్తుంటుంది. మునివేళ్ల మీద ఎందుకున్నావు? ఎప్పుడూ పరుగే కాబట్టి. కుడిచేతిలో మంగలికత్తి ఎందుకు? ఏ అంచుకన్నా నేనే పదును కాబట్టి. జుట్టు ముఖం మీదకు ఎందుకు పడుతోంది? ఎదురొచ్చినవాడు పట్టుకోవడానికి. మరి వెనక బోడిగా ఎందుకుంది? దాటిపోయాక ఎవరూ పట్టుకోలేరు కాబట్టి.

అదనును ఇంతకన్నా తక్కువ గీతల్లో, ఇంతకన్నా నిజంగా ఎవరైనా చూపించారా అంటే నాకు తెలిసి లేదు. ఇక్కడ కత్తి ఎవరినీ కోయదు. దాని అంచు మీద క్షణం నిలబడి ఉంటుంది, అంతే.

[తెర మీద: జర్మనీలోని మ్యూనిక్ నగరం, గ్లిప్టోథెక్ మ్యూజియంలోని మొజాయిక్, అంటే రంగురాళ్లు పేర్చి చేసిన బొమ్మ.]

రోమన్ల దగ్గర ఇంకొక యువకుడున్నాడు, అయాన్. ఇటలీలోని సెంటినుమ్‌లో దొరికిన ఈ మొజాయిక్ 3వ శతాబ్దం మొదటి సగానికి చెందిందని అంచనా. రాశిచక్రం ఒక పెద్ద వలయంలా ఉంటే, దాని లోపల ఒంటి మీద బట్ట లేకుండా, హాయిగా నిలబడి ఉన్నాడు. కింద భూదేవి, నలుగురు పిల్లలు. ఆ నలుగురూ ఋతువులు. ఇక్కడ కాలం ఎవరినీ తరమదు, ఎవరినీ తినదు. తిరిగి తిరిగి మళ్లీ మొదలవుతుంది. ముసలితనం రావడానికి అసలు చోటే లేదు.

రోమన్లు కొలిచిన మిత్రదేవుడి రహస్య మందిరాల్లో దొరికిన సింహముఖ విగ్రహాలనూ చాలామంది కాలమే అంటారు. రెక్కలు, ఒళ్లంతా చుట్టుకున్న పాము, చేతిలో తాళంచెవి. ఓస్టియాలో దొరికిన విగ్రహం మీద క్రీస్తుశకం 190 అని తేదీ తేలే శాసనం ఉంది. అతని పేరేమిటో మాత్రం పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మరి కొడవలి ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక పొరపాటు నుంచి. గ్రీకులో కాలం పేరు ఖ్రోనోస్. దేవతల రాజు జ్యూస్ తండ్రి పేరు క్రోనోస్. వీళ్లిద్దరూ వేర్వేరు. క్రోనోస్ కొడవలితో తన తండ్రి ఆకాశదేవుణ్ని నరికినవాడు, కొడుకులు తన సింహాసనం లాక్కుంటారని భయపడి పుట్టినవాళ్లను పుట్టినట్టే మింగినవాడు. పేర్లు దగ్గరగా ఉండేసరికి ప్రాచీనులే ఇద్దర్నీ కలిపి చదివారు. రోమన్ రచయిత సిసిరో ఆ కథకు అర్థం కూడా చెప్పాడు: బిడ్డల్ని తినే తండ్రి అంటే, తాను కన్న సంవత్సరాలను తానే తినే కాలమని. పొరపాటే, కానీ ఎంత సరిగ్గా అతికిందో చూడండి! అందుకే ఊడలేదు.

రోమన్లు క్రోనోస్‌నే సాటర్న్ అన్నారు. సాటర్న్ ఒక గ్రహం కూడా, మన శని. కంటికి కనిపించే గ్రహాల్లో అన్నిటికన్నా మెల్లగా నడిచేది, ఒక చుట్టు తిరగడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు. మన జ్యోతిషంలో శని మందగమనుడు, కుంటివాడు. ఐరోపా మధ్యయుగాల జ్యోతిషం కూడా అతణ్ని చల్లని, పొడి స్వభావం గల కుంటి ముసలివాడిగానే చేసింది. అలా కాలానికి ఊతకర్ర వచ్చింది.

[తెర మీద: 15వ శతాబ్దపు ఇటాలియన్ చిత్రాలు. జింకలు లాగే రథం మీద రెక్కల ముసలివాడు.]

ఇవన్నీ ఒక్క ఒంటి మీదకు చేరింది 15వ శతాబ్దపు ఇటలీలో. 14వ శతాబ్దంలో ఇటాలియన్ కవి పెట్రార్క్ విజయయాత్రల కావ్యం రాశాడు. ప్రేమను పవిత్రత, పవిత్రతను మరణం, మరణాన్ని కీర్తి, కీర్తిని కాలం గెలుస్తాయి. కాలాన్ని గెలిచేది శాశ్వతత్వం. ఆ కావ్యంలో కాలం ముసలివాడు కాడు, పరుగుతీసే సూర్యుడు. కానీ చిత్రకారులకు రథం మీద కూర్చోబెట్టడానికి ఒక మనిషి కావాలి. కవి ఇవ్వలేదు. వాళ్లే తయారు చేసుకున్నారు: సాటర్న్ ముసలితనం, కొడవలి, ఊతకర్ర, వాటికి తోడు రెక్కలు, ఇసుక గడియారం. కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1939లో ఈ పోగులన్నీ విడదీసి చూపించాడు.

ఇసుక గడియారం కూడా మొదట అతనిది కాదు. సియెనా నగర సభా భవనంలో అంబ్రోజియో లోరెంజెట్టి 1338-39లో గీసిన సుపరిపాలన చిత్రంలో అది నిగ్రహమనే స్త్రీ చేతిలో ఉంటుంది. కొలత ఎరిగి బతకడానికి గుర్తు. కాలం చేతికి వచ్చాకే అది బెదిరింపైంది.

[తెర మీద: ఎల్లోరా, 15వ గుహ.]

ఇక్కడ ఒకసారి ఐరోపా వదిలి ఎల్లోరా వెళ్దాం. 8వ శతాబ్దపు దశావతార గుహలో మార్కండేయుడు శివలింగాన్ని కావలించుకొని ఉంటాడు. పాశంతో వచ్చిన యముణ్ని లింగంలోంచి వెలువడిన శివుడు కాలితో తన్నుతున్నాడు. ఆ కథలో యముడే కాలుడు. గ్రీకు, రోమన్ బొమ్మల్లో కాలం తరుముతుంది, తిరుగుతుంది, మింగుతుంది. దెబ్బ తినే కాలం నాకు అక్కడ కనబడలేదు. మన శిల్పి రాతిలో చెక్కింది ఆ దెబ్బనే. జావాలో ఇంకో రకం. బోరోబుదూర్ బౌద్ధ స్తూపం ద్వారాల మీద గుడ్లురిమే కాలుడి ముఖం ఉంటుంది. ఒళ్లు లేదు, చేతులు లేవు. కింది దవడ కూడా లేదు. ఆ నోటి కింద నుంచే లోపలికి నడవాలి. చావు పుట్టుకల చక్రాన్ని చూపే టిబెట్ భవచక్ర చిత్రాల్లో యముడు మొత్తం చక్రాన్ని పళ్లతో, గోళ్లతో పట్టుకొని ఉంటాడు.

కాలం మింగేదన్నది దాదాపు అందరికీ తోచింది. దాన్ని చివరిదాకా తీసుకెళ్లినవాడు స్పెయిన్ చిత్రకారుడు గోయా. 1819-23 మధ్య తన ఇంటి గోడ మీదే గీసుకున్న సాటర్న్ ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. కొడవలి లేదు, రెక్కలు లేవు. రెండు చేతులూ తాను తింటున్న బిడ్డ చిన్న శరీరాన్ని నలిపి పట్టుకున్నాయి. ఆ కళ్లలో ఉన్నది క్రూరత్వం కాదు, భయం.

అయితే అదే చేతులకు మరో పనీ ఉంది. నన్ను ఎక్కువగా పట్టి ఆపేది అదే.

[తెర మీద: బ్రోన్‌జీనో చిత్రం, లండన్ నేషనల్ గ్యాలరీ.]

సుమారు 1545. ప్రేమదేవత వీనస్, ఆమె కొడుకు క్యూపిడ్ ముద్దాడుకుంటున్నారు. వాళ్లను చూసి ఆగిపోకండి, పైన కుడివైపు చూడండి. బట్టతల ముసలివాడు, భుజం మీద ఇసుక గడియారం. బలమైన చేయి చాచి నీలం తెర లాగేస్తున్నాడు. ఆ సుఖం వెనక దాగిన మోసం, అసూయ బయటపడుతున్నాయి. సత్యం కాలపు కూతురని రోమన్ల నాటి మాట ఒకటుంది. ఆ మాట పట్టుకొని రెండు శతాబ్దాల పాటు చిత్రకారులు కాలంతో తెరలు లాగించారు, చీకట్లోంచి సత్యాన్ని ఎత్తుకొచ్చేలా చేశారు. 1630లలో ఫ్రెంచ్ చిత్రకారుడు పూసాఁ అయితే ఆ చేతికి వీణలాంటి లైర్ ఇచ్చాడు. కాలం వాయిస్తుంటే పేదరికం, శ్రమ, సంపద, సుఖం చేతులు కలిపి గుండ్రంగా ఆడుతుంటారు.

నాశనం చేయడం, తెర తీయడం అనే రెండు పనులనూ ఒకే బొమ్మలో పెట్టాలనుకున్నవాడు ఇటాలియన్ శిల్పి బెర్నీనీ. రోమ్‌లో సెయింట్ పీటర్స్ మీద ఆయన కట్టిన గంటగోపురం వల్ల పగుళ్లు వచ్చాయన్నారు. 1646లో పోప్ పదవ ఇన్నొసెంట్ దాన్ని కూల్పించాడు. నగరమంతా నిందిస్తుంటే, ఎవరూ అడగకుండానే బెర్నీనీ ఒక శిల్పం మొదలుపెట్టాడు: కాలం వచ్చి సత్యం మీది వస్త్రం తొలగించడం. సత్యం పూర్తయింది, రోమ్‌లోని బోర్గేసే గ్యాలరీలో ఉంది. చేతిలో సూర్యబింబం, ముఖంలో వెలుగు.

కాలాన్ని ఎలా చెక్కాలనుకున్నాడో ఆయనే 1665లో పారిస్‌లో చెప్పాడు. కాలం గాల్లో ఎగురుతుండాలి. కానీ పాలరాయి గాల్లో నిలవదు కదా, కింద ఆధారం ఉండాలి. అందుకని కాలం విరిచేసిన స్తంభాలు, శిఖరాలు, సమాధులు కుప్పగా పడి ఉంటాయట. ఆ శిథిలాలే అతణ్ని మోస్తాయట. రెక్కలున్నా అవి లేకపోతే అతను పైన నిలవలేడు! కూల్చడమూ, తెర తీయడమూ వేర్వేరు కాదని చెప్పడానికి ఒక శిల్పి వేసిన ఇంత మంచి లెక్క నేనింకోటి చూడలేదు.

1651లో అదే పోప్ కోసం బెర్నీనీ నాలుగు నదుల ఫౌంటెన్ పూర్తి చేశాడు, పోయిన పేరు తిరిగొచ్చింది. కాలం కోసం తెప్పించిన రాయికి మాత్రం ఉలి తగల్లేదు.