పాస్తా అంటే మాకరోనీ కాదు: క్యూబావాళ్ళ పార్టీ బొకదీతోలు

అందరికీ నమస్కారం. మైకు కొంచెం గీపెడుతోంది, వెనక కూర్చున్నవాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి.

పోయిన నెల మీలో కొందరు క్యూబన్ శాండ్‌విచ్ చేసి చూపించమన్నారు. అది చెప్పను. దానికి అదిమి కాల్చే ప్రెస్ కావాలి, గంటల తరబడి ఊరబెట్టి కాల్చిన పంది మాంసం కావాలి, పైగా అందులో సలామీ, అంటే ఎండబెట్టిన సాసేజీ ముక్కలు, వెయ్యాలా వద్దా అని మన ఫ్లోరిడాలోనే టాంపావాళ్ళకీ మయామీవాళ్ళకీ పాత పేచీ ఒకటుంది. టాంపా నగర కౌన్సిల్ అయితే 2012లో సలామీతో చేసేదే మా ఊరి శాండ్‌విచ్ అని తీర్మానమే చేసి కూర్చుంది. ఆ తగువులో మనం తలదూర్చడం ఎందుకు? నేను చెప్పబోయేది పిల్లల పుట్టినరోజుకి చేసే బుల్లి శాండ్‌విచ్ గురించి. పొయ్యి వెలిగించే పనే లేదు.

పేరు బొకదీతో. స్పానిష్‌లో బోక అంటే నోరు, బొకాదో అంటే కబళం, బొకదీతో అంటే చిన్న కబళం. అరచేతిలో ఇమిడే మెత్తటి తీపి బన్ను, మధ్యలో గులాబీ రంగు ముద్ద. ఆ ముద్దని వాళ్ళు 'పాస్తా' అంటారు, అదే నా కొంప ముంచింది.

మయామీ పక్కనున్న హయలియాకి మారిన కొత్తలో పక్కింటి క్యూబా పెద్దావిడ మనవరాలి పుట్టినరోజుకి పిలిచింది. నన్ను ఆవిడ 'మిహా' అని పిలిచేది, అంటే 'మా అమ్మాయ్' అని, మన పెద్దవాళ్ళు ఊళ్ళో ఏ ఆడపిల్లనైనా అమ్మాయ్ అన్నట్టే. ఏం తెమ్మంటారు అని అడిగితే వచ్చీరాని ఇంగ్లీషులో "పాస్తా, బొకదీతోకి" అంది. నేను బొకదీతో అన్న ముక్క వదిలేసి పాస్తా ఒక్కటే పట్టుకుని, అల్లం వెల్లుల్లి, టమాటా, పచ్చిమిర్చి వేసి పెద్ద గిన్నెడు మాకరోనీ చేసి పట్టుకెళ్ళాను. ఆవిడ మూత తీసి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని మరీ నవ్వింది. తర్వాత ఏమీ అననట్టే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టించింది. సగం మిగిలింది, అబద్ధం ఎందుకు.

ఆ రోజే వంటింట్లో నన్ను నిలబెట్టి అసలు పాస్తా చూపించింది. గిన్నెలో క్రీమ్ చీజ్, దాని మీద చిన్న డబ్బాలోంచి ఒంపిన హామ్, అంటే ఉప్పు పట్టించి నిలవ చేసిన పంది మాంసం. ఆ డబ్బా మీద తోకతో ఒక ఎర్ర దెయ్యం బొమ్మ. అండర్‌వుడ్ కంపెనీ డెవిల్డ్ హామ్ అది. బోస్టన్‌లో 1868లో మసాలా కలిపి రుబ్బిన హామ్‌గా మొదలైంది, ఆ దెయ్యం బొమ్మకి 1870లోనే ట్రేడ్‌మార్క్ తీసుకున్నారు. స్పానిష్ మాట్లాడేవాళ్ళు ముద్దుగా 'దియాబ్లీతో' అంటారు, బుల్లి దెయ్యం అని.

క్యూబావాళ్ళ సంప్రదాయ వంటలో అమెరికా డబ్బా ఎందుకుందని నేనూ అడిగాను. ఫ్లోరిడా కొసన ఉన్న కీ వెస్ట్ నుంచి క్యూబాకి సముద్రం మీద దాదాపు 90 మైళ్ళే కదా, 1959 విప్లవానికి ముందు హవానా అంగళ్ళలో అమెరికా సరుకుకి కొదవ లేదు. క్రీమ్ చీజ్, మయనీజ్, డబ్బా హామ్ అన్నీ పట్నం ఇళ్ళ పార్టీల్లోకి అలా చేరాయి. ఆ తర్వాత ఇల్లూ వాకిలీ వదిలి మయామీ వచ్చినవాళ్ళు ఆ డబ్బాల వంటనే కాపాడుకున్నారు, ఎందుకంటే డబ్బాలు ఇక్కడ దొరికేవి. అక్కడ ఉండిపోయినవాళ్ళకి 1962లో రేషన్ పుస్తకం వచ్చింది, అమెరికా ఆంక్షలూ వచ్చాయి, 1990ల మొదట్లో సోవియట్ సాయం ఆగిపోయాక మరీ కటకట అయ్యింది. ఉడకబెట్టిన బంగాళాదుంపని నూనె, వెల్లుల్లితో చిలికి మయనీజ్ అనుకున్నారు, హామ్ లేని చోట సాసేజీలో, ఏ చవక మాంసం దొరికితే అదో రుబ్బి కలిపారు. దానికి వాళ్ళ పేరు 'పాన్ కోన్ పాస్తా', అంటే బ్రెడ్డూ ముద్దా. పుట్టినరోజు మాత్రం మానలేదు. అందుకే ఇందులో "అసలైన రెసిపీ ఏది" అని నన్ను అడగొద్దు, మయామీ అత్తగారిదొకటి, హవానా కోడలిదొకటి, ఇద్దరిదీ అసలైనదే.

పుట్టినరోజు అన్నాను కాబట్టి 'కహీతా' గురించి చెప్పాలి. క్యూబాలో పార్టీకి వచ్చిన పిల్లలకి ప్లేట్లు ఇవ్వరు, చిన్న అట్టపెట్టె ఇస్తారు. అందులో కేకు ముక్క, మాకరోనీ మయనీజ్ కలిపిన చల్లటి సలాడ్, అందులో అనాస ముక్కలు కూడా వేస్తారు, ఒక క్రోకెత, అంటే నూనెలో వేయించిన చిన్న కట్లెట్ లాంటిది, ఒక బొకదీతో, అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. చెంచా ఉండదు. పెట్టె మూత చింపి, మడిచి, దాన్నే చెంచా చేసుకుని తింటారు. మన దగ్గర అడ్డాకు దొప్పలో ప్రసాదం తినేటప్పుడు ఆకు ముక్క చింపి గరిటె చేసుకుంటామే, అచ్చం అదే చేతివాటం. కేకు క్రీమ్ కొంచెం బొకదీతోకి అంటుకుంటుంది, ఎవరూ పట్టించుకోరు, అసలు ఆ రుచి కోసమే ఎదురు చూస్తామని పక్కింటావిడ కొడుకు అన్నాడు.

తీపి, ఉప్పు కలపడం వాళ్ళకి కొత్త కాదు. హవానా వేదాదో పేటలో ఎల్ కార్మెలో అనే హోటల్ ఉండేది, అక్కడ ఎలెనా రూస్ అనే పెద్దింటి అమ్మాయి టర్కీ మాంసం, క్రీమ్ చీజ్, స్ట్రాబెర్రీ జామ్ పెట్టి చేసిమ్మని అడిగేదట, ఇప్పుడా శాండ్‌విచ్ ఆమె పేరు మీదే మెనూల్లో ఉంటుంది.

సరే, పనిలోకి వద్దాం. 24 చిన్న బన్నులకి లెక్క చెప్తాను, రాసుకోండి. క్రీమ్ చీజ్ ఒక కట్ట, 8 ఔన్సులు, అంటే 226 గ్రాములు. డెవిల్డ్ హామ్ చిన్న డబ్బా ఒకటి, సుమారు 120 గ్రాములు. పిమియెంతో చిన్న సీసా, 4 ఔన్సులు. ఇది కారం లేని తీపి ఎర్ర మిరప, మన ఎర్ర క్యాప్సికమ్‌కి దగ్గర చుట్టం. మయనీజ్ రెండు టేబుల్ స్పూన్లు, తీపి ఊరగాయ దోసకాయ తరుగు ఒక స్పూను, ఆవ ముద్ద చిటికెడు. ఉప్పు వెయ్యొద్దు. హామ్‌లో ఉన్నదే ఎక్కువ, నేను మొదటిసారి అలవాటు చొప్పున వేసి నాలుక కాల్చుకున్నంత పని చేశాను.

క్రీమ్ చీజ్ గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. చల్లగా ఉండగా కలిపితే తెల్లటి ఉండలు మిగిలిపోతాయి, ఎంత కుస్తీ పట్టినా కరగవు. ముందు దాన్నొక్కదాన్నే ఫోర్కుతో మెత్తగా మెదపాలి, తర్వాత హామ్, ఆఖరున మిగతావి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి, ఆగకుండా తిప్పితే ముద్ద జారిపోతుంది.

ఇక నీళ్ళు. ఈ వంటలో టెన్షన్ పెట్టేది ఇదొక్కటే. మా అమ్మాయి పుట్టినరోజుకి 60 చేశాను, ముందురోజు రాత్రే, పిమియెంతో సీసా నీళ్ళతో సహా ఒంపేసి. పొద్దున చూస్తే బన్నుల అడుగు సాంబారులో మునిగిన ఇడ్లీలా ఉంది, పట్టుకుంటే వేళ్ళు లోపలికి దిగిపోయాయి. అతిథులు రావడానికి మూడు గంటలు. అన్నీ పారేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ రోజు నుంచి పిమియెంతోని జల్లెడలో వేసి, తర్వాత పొడి గుడ్డలో మూటకట్టి, పనీర్ పిండినట్టు పిండుతున్నాను. దోసకాయ తరుగు కూడా అంతే. ముద్ద ఎలా ఉండాలంటే, చెంచా నిండా తీసి తలకిందులు చేసినా పడకూడదు. ముద్ద ముందురోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, నిజానికి రాత్రి ఉంటేనే రుచి కుదురుకుంటుంది. బన్నుల్లో పెట్టడం మాత్రం పార్టీ రోజే. బన్ను లోపలివైపు పల్చగా వెన్న రాస్తే తడి పీల్చదు. నేను రాస్తాను, పక్కింటావిడ రాయదు, నన్ను చూసి తల అడ్డంగా ఊపుతుంది.

బన్నుల సంగతి. మయామీలో క్యూబన్ బేకరీకి వెళ్తే బొకదీతోకని చెప్పి అడిగితే చాలు, ఇస్తారు. మిగతా ఊళ్ళవాళ్ళు పలకలా ఒకదానికొకటి అంటుకుని వచ్చే హవాయి తీపి రోల్స్ కొనుక్కోండి, బాగానే కుదురుతాయి. పలకంతా ఒక్కటిగా ఉండగానే పొడవు కత్తితో అడ్డంగా కోసి, పై పలక ఎత్తి పక్కన పెట్టి, ముద్ద అంతటా పరిచి, మూసి, అప్పుడు విడివిడిగా కోయండి. ఒక్కోటీ విప్పి రాస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. ఒక్కో బన్నుకి సుమారు ఒక టేబుల్ స్పూను లెక్క, ఎక్కువ పెడితే కొరికినప్పుడు పక్కల నుంచి బయటికొచ్చి పట్టుచీర మీద పడుతుంది. వడ్డించేదాకా తడిపి గట్టిగా పిండిన పల్చటి గుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే పైన ఎండిపోతాయి. ఇంకో మాట, ఇది మయనీజ్, చీజ్ వ్యవహారం. బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, మన ఫ్లోరిడా ఎండలో, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, ఒక్క గంటే. పార్కులో పార్టీ అయితే ఐస్ పెట్టెలోంచి కొంచెం కొంచెంగా తియ్యండి.

పంది మాంసం తిననివాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలుసు. ఉడికించిన చికెన్ సన్నగా రుబ్బి అదే కొలతలో వేసుకోండి, దానికి మాత్రం కొంచెం ఉప్పు పడుతుంది. పూర్తి శాకాహారులకి క్రీమ్ చీజ్, పిమియెంతో, సన్నగా తరిగిన ఆలివ్ కాయలు చాలు. ఇదేమీ మనకోసం నేను కల్పించింది కాదు, క్రీమ్ చీజ్, పిమియెంతోవి వాళ్ళ బల్ల మీదా ఉంటాయి. అయితే బన్ను దగ్గర జాగ్రత్త. తీపి రోల్స్‌లో గుడ్డు ఉంటుంది, పొడుగాటి క్యూబన్ బ్రెడ్‌లో పాతకాలం పద్ధతి ప్రకారం పంది కొవ్వు వేస్తారు. గుడ్డు తిననివాళ్ళు ఉంటే లేబుల్ చదవండి, బేకరీలో అయితే నోరు తెరిచి అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పచ్చిమిర్చి వేసుకోవచ్చా అని ముందు వరసలోంచి అక్క ఎవరో అడుగుతున్నారు. వేసుకోండి, నేనూ వేస్తాను. పక్కింటావిడకి పంపేటప్పుడు మాత్రం వెయ్యను, ఒకసారి వేసి పంపితే ఆవిడ మజ్జిగ తాగినట్టు గటగటా పాలు తాగింది.

నాలుగు ట్రేలు తెచ్చాను. కిటికీ వైపు ఉన్న రెండూ హామ్‌వి, తలుపు దగ్గర ఆకుపచ్చ నాప్కిన్ కప్పినది చికెన్, దాని పక్కది క్రీమ్ చీజ్, ఆలివ్. అదొక్కటే గుడ్డు లేని బ్రెడ్‌తో, గుడ్డు లేని మయనీజ్‌తో చేశాను, గరిటెలు కలపకండి. పిల్లల్ని ముందు పంపించండి.