బాంబులేసి అణుబాంబును ఆపగలమా?

సభకు నమస్కారం.

2025 జూన్‌లో ఇరాన్ అణు కేంద్రాల మీద దాడులు జరిగినప్పుడు హనుమకొండ చౌరస్తాలో టీ తాగేవాళ్లు కూడా ఇదే మాట్లాడుకున్నారు. "అన్నీ లేపేశారు, ఇక ఇరాన్ పని ఖతం" అన్నవాళ్లే ఎక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు మాత్రం టెన్షన్ వేరు. జూన్ 23న ఖతర్‌లో అమెరికా సైన్యం ఉన్న అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది, విమానాలు ఆగిపోయాయి. కొడుకో అల్లుడో దోహాలో ఉన్న ఇళ్లలో ఆ రాత్రి ఎవరికి నిద్ర పట్టి ఉంటుంది?

ఇలాంటి దాడుల వల్ల అణ్వాయుధాలు తగ్గుతాయా, పెరుగుతాయా అన్నది ఈరోజు విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దాడి భవనాన్ని కూలుస్తుంది, పనిని కొంతకాలం వెనక్కి నెడుతుంది. దాంతోపాటు, లోపల ఏముందో వెళ్లి చూసి లెక్క రాసుకునే వీలు కూడా పోతుంది. ఈ రెండో నష్టమే పెద్దదని నేననుకుంటాను.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. మణుగూరు పక్కన అశ్వాపురంలో హెవీ వాటర్ ప్లాంట్ ఉందని మీకు తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే భారజలం, అంటే కొన్ని రకాల అణు రియాక్టర్లలో వాడే ప్రత్యేకమైన నీరు, జర్మనీకి దక్కకూడదని జర్మన్ల చేతిలో ఉన్న నార్వేలోని వెమోర్క్ ప్లాంట్ మీద దాడులు చేశారు. 1943 ఫిబ్రవరిలో కొద్దిమంది నార్వే కమాండోలు లోపలికి దూరి పరికరాలు పేల్చేశారు. కొన్ని నెలల్లో జర్మన్లు మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టారు. నవంబర్‌లో అమెరికా విమానాలు వచ్చి వందల బాంబులు కురిపిస్తే చుట్టుపక్కల ఊరివాళ్లు చనిపోయారు, బేస్‌మెంట్‌లో ఉన్న అసలు పరికరాలు చాలావరకు నిలిచాయి.

అందరూ ఉదాహరణగా చెప్పేది మాత్రం ఒసిరాక్. 1981 జూన్ 7, ఆదివారం సాయంత్రం. ఎనిమిది ఇజ్రాయెల్ ఎఫ్-16 విమానాలు ఇరాక్‌లో బాగ్దాద్ దగ్గర తువైతాలో ఫ్రాన్స్ కట్టిస్తున్న రియాక్టర్‌ను కూల్చేశాయి. అది అప్పటికింకా నడవడం మొదలుపెట్టలేదు. పన్నెండు రోజుల తర్వాత భద్రతా మండలి 487వ తీర్మానంతో ఖండించింది, అమెరికా కూడా ఓటేసింది. ఆ తర్వాతి కాలంలో మాత్రం చాలామంది "అప్పుడు కొట్టబట్టే సద్దాం చేతికి బాంబు రాలేదు" అనడం మొదలుపెట్టారు.

ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయను. ఒక దారి మూసుకుపోయిన మాట నిజం. అయితే ఆ దారిలో ఫ్రెంచి ఇంజనీర్లుండేవారు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అదే ఐఏఈఏ, తనిఖీలుండేవి. వాళ్ల కళ్లుగప్పి ఆ రియాక్టర్ నుంచి బాంబుకు పనికొచ్చే ప్లూటోనియం తీయడం అంత తేలిక కాదు. దాడి తర్వాత ఏం జరిగిందో చూడండి. జాఫర్ దియా జాఫర్ అనే భౌతిక శాస్త్రవేత్త అప్పటికి సద్దాం నిర్బంధంలో ఉన్నాడు. తోటి శాస్త్రవేత్తను అరెస్టు చేస్తే ప్రశ్నించాడని పట్టుకున్నారు. 1981లోనే ఆయన్ను బయటికి తెచ్చి రహస్య కార్యక్రమానికి పెద్దను చేశారు. ఈసారి రియాక్టర్ జోలికి పోలేదు. కాల్యుట్రాన్లు అని, అయస్కాంతాలతో బాంబుకు పనికొచ్చే యురేనియాన్ని వేరుచేసే యంత్రాలున్నాయి. అమెరికా తొలి అణుబాంబు తయారుచేసిన మన్‌హట్టన్ ప్రాజెక్టులో వాడి, యుద్ధం అయ్యాక అమెరికా పక్కన పెట్టేసిన పద్ధతి అది. ఇంత పాతకాలపు పద్ధతిని ఎవరైనా మళ్లీ పట్టుకుంటారని బయటివాళ్లు ఊహించలేదు. పదేళ్లపాటు అది ఎవరి కంటా పడలేదు.

1991 గల్ఫ్ యుద్ధంలో వారాల తరబడి బాంబులేశారు. అయినా కార్యక్రమం ఎంత పెద్దదో యుద్ధం ముగిశాకే తెలిసింది. తెలిసింది ఇన్‌స్పెక్టర్ల వల్ల. ఆ ఏడాది సెప్టెంబర్‌లో 44 మంది ఇన్‌స్పెక్టర్లు బాగ్దాద్‌లోని ఒక భవనంలో అణ్వాయుధ కార్యక్రమం కాగితాలు పట్టుకున్నారు. ఇచ్చేసి వెళ్లమని ఇరాక్ అధికారులు అడ్డం పడ్డారు, వీళ్లు ఇచ్చేది లేదన్నారు. నాలుగు రోజులు పార్కింగ్ స్థలంలోనే తిండి, అక్కడే నిద్ర. చివరికి కాగితాలతోనే బయటపడ్డారు. బాంబు తయారీకి కట్టుకున్న అల్ అథీర్ కేంద్రాన్ని 1992లో ఐఏఈఏ దగ్గరుండి పేల్చేయించింది. యుద్ధ విమానాలతో కానిది కాగితాల కట్టలతో అయింది. మన ఆఫీసుల్లో ఆడిట్‌వాళ్లొస్తే ఎందుకు భయపడతారో తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

మరి సిరియా సంగతేంటని మీరడగవచ్చు. 2007 సెప్టెంబర్ 6న ఇజ్రాయెల్ అక్కడి రియాక్టర్‌ను కూల్చింది, సిరియా మళ్లీ కట్టలేదు. నిజమే, అక్కడ దాడి ఫలించింది. ఉన్నది ఒకే కట్టడం, దాన్ని మళ్లీ లేపగల సొంత నిపుణులు పెద్దగా లేరు, తర్వాత దేశమే అంతర్యుద్ధంలో పడింది. అన్నిచోట్లా పరిస్థితి అలా ఉండదు.

ఇరాన్‌లో అసలే లేదు. 2015లో అమెరికా, మరికొన్ని దేశాలతో చేసుకున్న అణు ఒప్పందం ప్రకారం ఇరాన్ యురేనియాన్ని 3.67 శాతానికి మించి శుద్ధి చేయకూడదు, 300 కిలోలకు మించి ఉంచుకోకూడదు. కెమెరాలు, సీళ్లు, తనిఖీలు అన్నీ ఉండేవి. 2018 మేలో అమెరికా ఆ ఒప్పందం నుంచి బయటికొచ్చింది. 2025 జూన్ నాటికి ఇరాన్ దగ్గర 60 శాతం శుద్ధి చేసిన యురేనియం దాదాపు 440 కిలోలు ఉందని ఐఏఈఏ లెక్క. ఇంకాస్త శుద్ధి చేస్తే సుమారు పది బాంబులకు సరిపోతుంది. జూన్ 13న ఇజ్రాయెల్, 22న అమెరికా దాడి చేశాయి. ఒక్కోటి పదమూడు టన్నులకు పైగా బరువుండే 14 బాంబులు యురేనియం శుద్ధి చేసే ఫోర్దో, నతాంజ్ కేంద్రాల మీద పడ్డాయి. యంత్రాలకు భారీ నష్టం జరిగింది, అందులో సందేహం లేదు. ఆ 440 కిలోల సంగతేంటి? అది చిన్న చిన్న సిలిండర్లలో ఉండే సరుకు, లారీలో ఎక్కించి పంపేయొచ్చు. దాడికి ముందు ఎంతుందో కిలోల్లో చెప్పగలిగాం. దాడి తర్వాత జూలైలో ఐఏఈఏతో సహకారం ఆపేస్తూ ఇరాన్ చట్టం తెచ్చింది, ఇన్‌స్పెక్టర్లు వెళ్లిపోయారు, లెక్క తెగిపోయింది.

చూస్తూ ఊరుకున్న దేశాలు కూడా ఉన్నాయి కదా, అవేం నేర్చుకుంటాయి? లిబియా 2003 డిసెంబర్‌లో తన అణ్వాయుధ కార్యక్రమం వదిలేసింది. 2011లో నాటో విమానాలు అదే దేశం మీద బాంబులేశాయి, గడాఫీ హతమయ్యాడు. ఉత్తర కొరియా ఈ ఉదాహరణను పదేపదే ఎత్తిచూపింది. 1994లో అమెరికాలోని క్లింటన్ ప్రభుత్వం ఉత్తర కొరియా అణు కేంద్రం యోంగ్‌బ్యోన్ మీద దాడి చేయాలని ఆలోచించి, చివరికి ఒప్పందం వైపు మొగ్గింది. ఆ ఒప్పందం తెగాక, 2006 అక్టోబర్‌లో ఉత్తర కొరియా తొలి అణు పరీక్ష చేసింది. ఇప్పుడు దాని కేంద్రాల మీద బాంబులేద్దామని ఎవరూ గట్టిగా అనడం లేదు. ఈ తేడా టెహ్రాన్‌లో కూర్చున్నవాళ్లకు కనపడదా?

మన పక్క దేశం కథా ఇలాంటిదే. 1971 ఓటమి తర్వాత, 1972 జనవరిలో పాకిస్తాన్ పాలకుడు భుట్టో ముల్తాన్‌లో శాస్త్రవేత్తలను పిలిచి బాంబు కావాలన్నాడు. అయితే ఆ తర్వాత భారత్, పాకిస్తాన్ ఒక మంచి పని చేశాయి, దాని గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకరి అణు కేంద్రాల మీద ఇంకొకరు దాడి చేయకూడదని 1988 డిసెంబర్ 31న ఒప్పందం రాసుకున్నాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. అణు ఇంధనం తయారుచేసే చోట్లు కూడా ఈ ఒప్పందం కిందికి వస్తాయి, అంటే హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ) లాంటివి. కార్గిల్ యుద్ధం జరిగింది, పార్లమెంటు మీద దాడి తర్వాత రెండు సైన్యాలు సరిహద్దులో ఎదురెదురుగా నిలబడ్డాయి, జాబితాలు మాత్రం ఆగలేదు.

ఇందులో లోటు లేకపోలేదు. జాబితా సరైనదేనా అని వెళ్లి చూసే ఏర్పాటు లేదు, ఎవరు రాసిందే వాళ్ల మాట. అయినా 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగినప్పుడు, అక్కడి కిరానా కొండల్లోని అణు కేంద్రాన్ని మనవాళ్లు కొట్టారని వాట్సాప్‌లో ఊరంతా తిరిగినప్పుడు, వైమానిక దళం తరఫున ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి విలేకరుల ముందే మేం కొట్టలేదని చెప్పారు. రేడియేషన్ లీక్ ఏదీ లేదని ఐఏఈఏ కూడా చెప్పింది. మన గ్రూపుల్లో కొందరికి ఆ సమాధానం నిరాశ కలిగించింది. నాకైతే ఆ రోజు వార్తల్లో ఊపిరి పీల్చుకోనిచ్చింది అదొక్కటే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.