బండి నిలిచే చోట కరెంటు ఉందా?

(బెంగళూరులోని మారతహళ్లిలో రికార్డు చేసిన సంభాషణకు అక్షరరూపం. అతిథి హిందూపురం నుంచి వచ్చి ముప్పై ఏళ్లకు పైగా ఈ నగరంలో విద్యుత్ ఇంజినీరింగ్ బోధించిన ఉపాధ్యాయులు.)

వ్యాఖ్యాత: నమస్కారం మాస్టారూ. నేను విద్యుత్ స్కూటర్ కొన్నది 2023 మే నెల ఆఖరి వారంలో. జూన్ ఒకటో తేదీ నుంచి సబ్సిడీ తగ్గుతుందని తెలిసి, షోరూమ్ ముందు జనం గేటు దాకా నిలబడి ఉన్నారు. పది రోజుల తర్వాత నంబరు ప్లేటు కోసం వెళ్తే అదే షోరూమ్‌లో నేనూ, ఒక ఉద్యోగీ తప్ప ఎవరూ లేరు. ఆ దృశ్యం నా మనసులో ఉండిపోయింది. ప్రభుత్వం ఇచ్చే డబ్బుతోనే ఈ వ్యవహారమంతా నడుస్తోందా అన్న సందేహం నాకు ఆనాడే కలిగింది.

మాస్టారు: నువ్వు చూసినది ఒక్క షోరూమ్ కథ కాదమ్మా, దేశమంతా అదే జరిగింది. విద్యుత్ వాహనాలకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే ఫేమ్ పథకం రెండో దశలో ద్విచక్ర వాహనాలకు మొదట బ్యాటరీ సామర్థ్యాన్ని బట్టి కిలోవాట్ అవర్‌కు, అంటే ఒక యూనిట్ కరెంటుకు, 10,000 రూపాయలు ఇచ్చారు. 2021 జూన్‌లో దాన్ని 15,000 చేసి, బండి ధరలో 40 శాతం దాకా ఇవ్వవచ్చన్నారు. 2023 జూన్‌లో మళ్లీ 10,000కు దించి, పరిమితిని 15 శాతానికి కుదించారు. మేలో లక్ష దాటిన రిజిస్ట్రేషన్లు జూన్‌లో సగానికంటే కిందికి పడిపోయాయి. ఎంత ఇచ్చారన్న లెక్క ఒక ఎత్తయితే, రేపు ఎంత ఇస్తారో తెలియకపోవడం మరో ఎత్తు. ఫ్యాక్టరీలో కొత్త లైను వేయాలంటే మూడేళ్ల ముందుచూపు కావాలి. ఆర్నెల్లకోసారి నియమం మారే చోట ఆ ముందుచూపు ఎలా సాధ్యమవుతుంది?

వ్యాఖ్యాత: అలాగైతే సబ్సిడీ వద్దంటారా?

మాస్టారు: వద్దనను. తగ్గించే తీరును ముందే చెప్పి తగ్గించమంటాను. 2024 అక్టోబరులో 10,900 కోట్లతో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం ఈ విషయంలో కొంత మెరుగు. ద్విచక్ర వాహనాలకు మొదటి ఏడాది కిలోవాట్ అవర్‌కు 5,000, రెండో ఏడాది 2,500 అని ముందే ప్రకటించింది. మొత్తం చిన్నదే, అయినా కంపెనీ వాళ్లు లెక్క వేసుకోగలిగారు. నార్వేని చూడమ్మా, అక్కడ విద్యుత్ కార్లకు విలువ ఆధారిత పన్ను 2001లోనే ఎత్తేశారు. పదహారేళ్ల తర్వాత, 2025 నాటికి కొత్త కార్లన్నీ కాలుష్యం లేనివే కావాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం విద్యుత్ కార్లు. ఆ దేశం సంపన్నమైనదే, కాదనను. కానీ డబ్బుతో పాటు వాళ్ల దగ్గర ఓపిక కూడా ఉంది. పెట్రోలు కారుపై పన్ను భారంగా ఉంచి, విద్యుత్ కారుకు మినహాయింపు ఇచ్చారు కాబట్టి కొనేవాడికి తేడా ధరలోనే కనిపించింది.

వ్యాఖ్యాత: మన దగ్గర కూడా పన్నులో తేడా ఉంది కదండీ?

మాస్టారు: ఉంది, కానీ తగ్గింది. 2019 ఆగస్టు నుంచి విద్యుత్ వాహనాలపై జీఎస్‌టీ 5 శాతం. 350 సీసీ లోపు పెట్రోలు బండిపై అప్పట్లో 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 18 చేశారు. మధ్యతరగతి ఇంటికి అది మంచి వార్తే. అయితే 23 శాతంగా ఉన్న తేడా 13 శాతానికి వచ్చింది. సబ్సిడీ తగ్గుతున్న రోజుల్లోనే ఇది కూడా జరిగింది. ఒక శాఖ ముందుకు లాగుతుంటే ఇంకో శాఖ, అనుకోకుండానే కావచ్చు, వెనక్కి లాగింది.

వ్యాఖ్యాత: ఇక తయారీ వైపు. కంపెనీలు తమంతట తామే ఎక్కువ బండ్లు తయారు చేస్తాయా, లేక ప్రభుత్వం నిర్బంధించాలా?

మాస్టారు: కొంత నిర్బంధం అవసరమని నా అభిప్రాయం. కాలిఫోర్నియా 1990లోనే, అమ్మే కార్లలో ఇంత శాతం పొగ రానివి ఉండాలని నిబంధన పెట్టింది. కంపెనీలు గోల చేస్తే మధ్యలో సడలించింది, అయినా మొత్తానికి వదిలేయలేదు. చైనా 2017లో క్రెడిట్ల పద్ధతి తెచ్చింది. చాలినన్ని విద్యుత్ కార్లు తయారు చేయని కంపెనీ, చేసిన కంపెనీ దగ్గర క్రెడిట్లు కొనుక్కోవాలి. ఇందులో ఖజానా నుంచి రూపాయి బయటికి పోదు, ఒక కంపెనీ జేబులోది ఇంకో కంపెనీ జేబులోకి వెళ్తుందంతే. మన దేశంలో కార్లకు ఇంధన సామర్థ్య ప్రమాణాలు ఉన్నాయి గాని, ద్విచక్ర వాహనాలకు ఇలాంటి నిర్బంధం లేదు. మన రోడ్ల మీద తిరిగేవి ఎక్కువగా అవేనాయె! ఢిల్లీ ప్రభుత్వం 2023లో ఒక మంచి పని చేసింది. టాక్సీ, డెలివరీ కంపెనీలు తమ బండ్లను అంచెలంచెలుగా విద్యుత్తుకు మార్చి, 2030 నాటికి పూర్తిగా మార్చాలని నియమం పెట్టింది. బెంగళూరు లాంటి నగరానికి అలాంటి నియమమే కావాలి.

వ్యాఖ్యాత: హోసూరులో మా బంధువులు కొందరు విడిభాగాల ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. 2025లో అయస్కాంతాలు రాక పని మందగించిందని చెప్పారు.

మాస్టారు: నిజమే. ఆ ఏప్రిల్‌లో చైనా, ఈ అయస్కాంతాల తయారీకి కావలసిన అరుదైన ఖనిజాల (రేర్ ఎర్త్స్) ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. మోటారులో వాడే అయస్కాంతం గుప్పెడంత ఉంటుంది, కానీ అది లేకపోతే బండి లేదు. ఇక బ్యాటరీ సెల్స్ కోసం 2021లో 18,100 కోట్లతో, 50 గిగావాట్ అవర్ల సామర్థ్యం లక్ష్యంగా ప్రోత్సాహక పథకం పెట్టారు. అనుకున్న గడువుకు అందులో చాలా తక్కువ భాగమే కట్టగలిగారు. మన తెలుగు నేల మీద మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వారి సెల్ ఫ్యాక్టరీ లేస్తోంది. అక్కడ ఉత్పత్తి నిలదొక్కుకోవడం వంద ప్రకటనలకన్నా విలువైనదని నా నమ్మకం.

వ్యాఖ్యాత: ఇప్పుడు నా సొంత కష్టం చెప్పుకుంటాను మాస్టారూ. మా అపార్ట్‌మెంట్‌లో కింద చార్జింగ్ పాయింట్ పెట్టుకుంటానంటే సంఘం వాళ్లు ఒప్పుకోలేదు. కొన్నాళ్లు మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ తీగ కిందికి వదిలాను. వాన మొదలైతే చాలు, రాత్రి రెండు గంటలకైనా లేచి తీగను పైకి లాక్కునేదాన్ని. మా అబ్బాయి నిద్రకళ్లతో టార్చి పట్టుకునేవాడు.

మాస్టారు: ఆ పని ఇంకెప్పుడూ చేయకమ్మా, ప్రాణం మీదికి వస్తుంది. అయితే అసలు విషయం అక్కడే ఉంది. బండి రాత్రి ఎక్కడ నిలుస్తుందో అక్కడ కరెంటు ఉందా లేదా? విధానాలన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. చార్జింగ్ స్టేషన్ పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే చెప్పింది. భవనాల్లో పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి చార్జింగ్ వసతి ఉండాలని 2019లో నమూనా నిబంధనలు సవరించారు. అవి నమూనాలు మాత్రమే, పైగా కొత్త భవనాలకు. ఇరవై ఏళ్ల నాటి మీ అపార్ట్‌మెంట్‌కు అవేం చేస్తాయి? తన సొంత ఖర్చుతో, తన పార్కింగ్ స్థలంలో, అర్హుడైన ఎలక్ట్రీషియన్ చేత పాయింట్ పెట్టించుకునే హక్కును చట్టం నివాసికి ఇవ్వాలి. సంఘం షరతులు పెట్టవచ్చు, నిరాకరించకూడదు. దీనికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా.

వ్యాఖ్యాత: పార్కింగే లేనివాళ్ల సంగతి?

మాస్టారు: వాళ్ల గురించే నాకు ఎక్కువ బాధ. ఇంట్లో వాడుకునే కరెంటుపై జీఎస్‌టీ లేదు. అదే కరెంటు వీధిలోని స్టేషన్‌లో ఎక్కించుకుంటే అది సేవ అవుతుంది, 18 శాతం కట్టాలి. 2023లో మైసూరులోని చాముండేశ్వరి విద్యుత్ సరఫరా సంస్థ అడిగిన ప్రశ్నకు, ఏ పన్ను వర్తిస్తుందో ముందుగా తేల్చి చెప్పే కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ ఇచ్చిన జవాబు ఇదే. అంటే సొంత గ్యారేజీ ఉన్నవాడికి పన్ను లేదు. ఒంటిగది ఇంట్లో అద్దెకుండే డెలివరీ కుర్రవాడికి మాత్రం పన్ను ఉంది. విడిగా కొనే లిథియం బ్యాటరీకీ, బ్యాటరీ మార్పిడి సేవకూ 18 శాతమే. బ్యాటరీతో కలిపి బండి కొంటే మాత్రం 5 శాతం. నన్నడిగితే మొట్టమొదట మార్చవలసింది ఇదే.

వ్యాఖ్యాత: మీరు ఎక్కువగా ఆటోల గురించి, బస్సుల గురించి మాట్లాడతారని విన్నాను.

మాస్టారు: ఎందుకంటే లెక్క కిలోమీటర్లలో వేయాలమ్మా. నీ స్కూటర్ రోజుకు ఎంత తిరుగుతుంది?

వ్యాఖ్యాత: పదిహేను కిలోమీటర్లు ఉండవచ్చు.

మాస్టారు: కె.ఆర్.పురంలో నాకు తెలిసిన ఆటో అతను ఉన్నాడు, పుంగనూరు వాడు. రోజుకు నూట ఇరవై తిప్పుతాడు. నీ బండి వారమంతా తిరిగినా అతని ఒక్కరోజు దూరం రాదు. అతనికి సబ్సిడీకన్నా పెద్ద అడ్డంకి వడ్డీ. పాత విద్యుత్ ఆటో ఎంతకు అమ్ముడవుతుందో తెలియదు కాబట్టి ఫైనాన్స్ వాళ్లు వడ్డీ ఎక్కువ వేసి, తక్కువ వాయిదాల్లో కట్టమంటారు. ఒకరోజు తన కిస్తీ పుస్తకం నా చేతికిచ్చి, పెట్రోలు ఖర్చు మిగిలింది సార్, అదంతా వడ్డీకే పోతోంది అన్నాడు. అప్పు మునిగితే కొంత నష్టం ప్రభుత్వం భరిస్తానని పూచీ ఇస్తే వడ్డీ దిగుతుంది. ఒక్క బండికి సబ్సిడీ ఇచ్చే డబ్బును పూచీగా పెడితే అంతకన్నా ఎక్కువ బండ్లకు సరిపోతుంది.

బస్సుల విషయంలో మనవాళ్లు సరైన దారి పట్టారు. 2022లో బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీ, కోల్‌కతా, సూరత్ నగరాలకు కలిపి 5,450 బస్సులకు ఒకే టెండరు పిలిచారు. బస్సు కొనరు, కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తారు. బెంగళూరు సిటీ బస్సులు నడిపే మన బీఎంటీసీకి ఆ టెండరులో 921 బస్సులు వచ్చాయి. కంపెనీల భయమల్లా ఒకటే, రవాణా సంస్థ సమయానికి డబ్బు కట్టకపోతే ఏమిటని. దానికి కేంద్రం 2024లో 3,435 కోట్లతో చెల్లింపు భద్రతా నిధి పెట్టింది. ఇలాంటివి పత్రికల్లో పెద్దగా కనిపించవు. పని చేసేవి ఇవే.

వ్యాఖ్యాత: 25 లక్షలు దాటిన విద్యుత్ కార్లపై కర్ణాటక 2024లో 10 శాతం జీవితకాల పన్ను వేసింది. దానిపై చాలామంది కోపగించుకున్నారు.

మాస్టారు: నేను సమర్థిస్తాను. ఆ కారు కొనగలిగినవాడికి మినహాయింపు అక్కర్లేదు. ఆ డబ్బు చార్జింగ్ కోసం ఖర్చుపెడితే మరీ సంతోషిస్తాను.

వ్యాఖ్యాత: మా సంఘం వాళ్ల అసలు భయం మంటలు మాస్టారూ. వాళ్లను తప్పుపట్టలేను.

మాస్టారు: తప్పుపట్టవద్దు. 2022లో స్కూటర్లు తగలబడ్డాయి, మనుషులు పోయారు. ఆ తర్వాతే బ్యాటరీ భద్రతా ప్రమాణాలను, ఏఐఎస్-156ను, ఆ డిసెంబరు నుంచి దశలవారీగా కట్టుదిట్టం చేశారు. వాళ్లకు రెండు విషయాలు చెప్పు. బాల్కనీ నుంచి వేలాడే తీగకన్నా ఎర్తింగ్, బ్రేకర్ ఉన్న పాయింట్ ఎన్నో రెట్లు క్షేమమని చెప్పు. ఉమ్మడి బిల్లు పెరుగుతుందని భయపడితే, బెంగళూరుకు కరెంటు సరఫరా చేసే బెస్కామ్‌లో విద్యుత్ వాహనాలకు ప్రత్యేక టారిఫ్ ఉంది, దాని కింద వేరే మీటరు అడుగుతామని చెప్పు. నోటితో చెప్పకు, కాగితం మీద రాసివ్వు.

వ్యాఖ్యాత: ఆదివారం సర్వసభ్య సమావేశం ఉంది. మా భవనంలో విద్యుత్ బండ్లున్న ఇళ్లు ఇప్పుడు పదకొండయ్యాయి. అందరి చేతా సంతకాలు పెట్టించి ఇస్తాను మాస్టారూ.

మాస్టారు: బండి లేనివాళ్ల చేత కూడా పెట్టించమ్మా. రేపు వాళ్లూ కొంటారు.