బాత్రూమ్‌కి తలుపు లేని గృహప్రవేశం: ఇంటి పనికి రోజుల లెక్క

[దృశ్యం: గుమ్మానికి మామిడి తోరణం. లోపల బాత్రూమ్‌కి అడ్డంగా కట్టిన దుప్పటి.]

మా ఇంట్లో పాలు పొంగించిన రోజు బాత్రూమ్‌కి తలుపు లేదు. దుప్పటి కట్టాం. పెద్దత్తయ్య లోపలికెళ్తే బయట ఇద్దరం కాపలా! వడ్రంగిని అనడానికి లేదు. తలుపుకి మూడు వారాలు పడుతుందని అతను ముందే చెప్పాడు. టైల్స్ అయ్యాక కొలతలు ఇద్దాంలే అని మేమే కూర్చున్నాం. తీరా ఇచ్చేసరికి ముహూర్తం తొమ్మిది రోజుల్లో ఉంది.

పని చేసే రోజులే లెక్కేసుకున్నాం. ఎదురుచూసే రోజులు లెక్కలోకే రాలేదు.

[స్క్రీన్ మీద: స్లాబ్ పోయడం 1 రోజు. తర్వాత 14 ఖాళీ గడులు.]

స్లాబ్ సంగతే చూడండి. కాంక్రీట్ పోయడం ఒక్కరోజు పని. కానీ ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటిన స్లాబ్ అయితే, దాన్ని కింద మోసే సెంట్రింగ్ కర్రలు కనీసం 14 రోజులు ఉంచాలని కాంక్రీట్ పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. 6 మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు. ఆ కర్రలు తీసేదాకా కింద ప్లాస్టరింగ్ మొదలవదు. ఇంకో పదిమంది కూలీలను దించినా ఆ 14 రోజులు 13 కావు.

అయితే ఆ రోజుల్లో మనం ఖాళీగా ఉండక్కర్లేదు. టైల్స్ ఎంచుకోవచ్చు, ప్రహరీ లేపుకోవచ్చు.

[దృశ్యం: నేలమీద పరిచిన చీటీలు. చేతులు వాటిని వరసగా జరుపుతుంటాయి.]

ఒక్కో పనికి ఒక్కో చీటీ రాయండి. ప్రతి చీటీ దగ్గరా ఒకటే ప్రశ్న: దీనికి ముందు ఏది అయిపోవాలి? గోడలో కరెంటు పైపులు పడకుండా ప్లాస్టరింగ్ చేస్తే, తర్వాత కొత్త గోడనే పగలగొట్టుకోవాలి. చీటీలన్నీ పేర్చాక అన్నిటికంటే పొడవైన వరస ఒకటి కనిపిస్తుంది. అందులో ఒక్కరోజు జారితే గృహప్రవేశమే ఒకరోజు జారుతుంది. దీన్నే క్రిటికల్ పాత్ అంటారు. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తన ప్లాంట్ల పనుల కోసం తయారుచేయించుకున్న పద్ధతి ఇది.

ఇక ఏ పనికి ఎన్ని రోజులు? మేస్త్రీని అడిగితే "పది రోజుల్లో అయిపోద్ది సార్" అంటాడు. అబద్ధం కాదు, అన్నీ కలిసొస్తే అవుతుంది కూడా. అందుకే మూడు అంకెలు అడగండి.

[స్క్రీన్ మీద: (8 + 4×12 + 28) ÷ 6 = 14]

ప్లాస్టరింగ్‌కి అన్నీ కుదిరితే 8 రోజులు, మామూలుగా 12, ఇసుక దొరక్క, వాన పడితే 28 అన్నాడనుకోండి. మధ్య అంకెను నాలుగుతో హెచ్చించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 14. అమెరికా నౌకాదళం 1958లో పొలారిస్ క్షిపణి కోసం వాడిన పెర్ట్ లెక్క ఇదే. క్షిపణికి పనికొచ్చింది, మన పిట్టగోడకి పనికిరాదా!

చివరగా క్యాలెండర్. ముహూర్తం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కించుకుంటూ రండి. శ్రావణంలో గృహప్రవేశం అంటే పెయింటింగ్ ఆషాఢం వానల్లో పడుతుంది, గోడ ఆరదు. సంక్రాంతికి ఊరెళ్లిన పనివాళ్లు కనుమ మర్నాడే రారు. ఆ రోజులన్నీ ముందే కొట్టేయండి.

[దృశ్యం: గుమ్మం మీద పెన్సిల్‌తో గీసిన ఫ్లోర్ లెవెల్ గీత.]

మా తలుపు విషయానికొస్తే, ద్వారబంధం నిలబెట్టి ఈ గీత గీసిన రోజే కొలత ఇచ్చేయాల్సింది. గీత రెండు నెలలు అక్కడే ఉంది.