ట్రాన్స్‌ఫర్ సంగతి ఎక్కడ కనుక్కోవాలి?

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారాలనుకునే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఇవాళ ఇంతమంది రావడం సంతోషంగా ఉంది.

మన ఇళ్లలో కాలేజీ కబుర్లు ముందు వాట్సాప్ గ్రూపుకే వస్తాయి. "మావాడు డి ఆంజా కాలేజీ నుంచి బర్క్‌లీ యూనివర్సిటీకి వెళ్లాడు, మీ అమ్మాయినీ అవే కోర్సులు తీసుకోమనండి" అంటారు ఎవరో ఆంటీ. ఆవిడ చెప్పింది నిజమే. కానీ వాళ్లబ్బాయి ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఏ సంవత్సరం? ట్రాన్స్‌ఫర్ కోసం మేజర్‌తో పాటు చదివే సాధారణ కోర్సుల జాబితా ఐగెట్సీ (IGETC) పూర్తి చెయ్యమని సీనియర్లు ఇప్పటికీ చెబుతుంటారు. 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరినవాళ్లకు దాని స్థానంలో కాల్‌గెట్సీ (Cal-GETC) అనే జాబితా వచ్చింది.

అందుకే ముందు అసిస్ట్ డాట్ ఆర్గ్ (assist.org) సైట్ తెరవండి. ఏ కోర్సు దేనికి సరిపోతుందని కమ్యూనిటీ కాలేజీలకూ యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లకూ మధ్య ఉన్న ఒప్పందాలన్నీ అధికారికంగా అక్కడే ఉంటాయి. మీ కాలేజీ, వెళ్లాలనుకునే క్యాంపస్, మేజర్ ఎంచుకోండి. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు కనిపిస్తాయి. కుడివైపు రెండు కోర్సుల మధ్య ‘అండ్’ ఉంటే రెండూ చదవాల్సిందే. తొందరలో పిల్లలు ఆ చిన్న మాట చూడరు, ఒకటి చదివి అయిపోయిందనుకుంటారు. ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటే మీ కాలేజీలో దానికి సరిపోయేది లేదని అర్థం. కంగారు పడకండి, దగ్గర్లోని మరో కాలేజీలో ఉందేమో చూడండి.

కోర్సు లెక్కలోకి వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. ఏ క్యాంపస్‌లో ఏ మేజర్‌కి ఎంత జీపీఏ ఉన్నవాళ్లను తీసుకున్నారో యూసీ వాళ్లే తమ సైట్‌లో పెడతారు. అది చూశాక ఆశలు పెట్టుకోండి. షరతులన్నీ నెరవేరిస్తే సీటు ఖాయమనే ‘ట్యాగ్’ (TAG) ఆరు యూసీ క్యాంపస్‌లలోనే ఉంది: డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. అక్కడ కూడా కొన్ని మేజర్లకు వర్తించదు. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగోలకు ట్యాగ్ ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రైవేటు యూనివర్సిటీల నియమాలు వాళ్ల సైట్లలోనే చూసుకోవాలి.

ట్యాగ్ దరఖాస్తులు సెప్టెంబరు 1 నుంచి 30 వరకే. అంతకుముందే అసిస్ట్ పేజీ ప్రింటు తీసుకుని మీ కాలేజీ కౌన్సెలర్‌ను కలవండి. ఆయన నోటితో చెప్పింది ఇంటికొచ్చి ఈమెయిల్లో రాసి, "నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" అని అడగండి. ఆ జవాబు దాచుకోండి. ఎవరి మేజర్ గురించైనా అడగాలంటే ఇప్పుడే అడగండి, ఇక్కడే పేజీ తెరిచి చూద్దాం.